తొమ్మిదో నంబరు సీసా

జనవరి 6, 1964, సోమవారం

చలి. సిరిసిల్ల నేత పనాయన, నాలుగో నంబరు, సీసాను చంకలో ఇరికించుకుని పైన గొంగడి కప్పుకుని మా ఆస్పత్రి ల్యాబుకు వచ్చాడు. చలి తగిలితే వీర్యకణాలు కదలవని నేనే చెప్పి పంపాను. ఊళ్ళోనే చుట్టాలింట్లో దిగాడు, పావుగంట నడక. "బతికే ఉన్నయా సారూ?" మైక్రోస్కోపు కింద చేపపిల్లల్లా ఉరుకుతున్నాయి. ఆ మాట చెప్తే గొంగడి అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది.

డాక్టరమ్మది గుంటూరు. ఆమె పట్టు ఒక్కటే — "పిల్లల్లేరని ఆడదాని కడుపు కోసే ముందు మగాడి సీసా చూడాలి." మొగుళ్ళు తిట్టుకుంటూ వస్తారు. సీసా మీద నంబరే. పేర్లు నా పుస్తకంలో ఉంటాయి, ఆమె చూడదు.

జనవరి 8

కొత్త రంగు మందు వచ్చింది. పోల్చి చూడడానికి తిరుగులేని సీసా ఒకటి కావాలి. ఎవరినని అడుగుతాం... నాదే పెట్టాను. తొమ్మిదో నంబరు. పుస్తకంలో పేరు రాయలేదు.

ఏమీ కనిపించలేదు. చలి అనుకున్నాను. కానీ చలికి కదలకపోవచ్చు. అసలు లేకుండా ఎట్లా పోతాయి?

జనవరి 9

మళ్ళీ చూశాను. చేత్తో తిప్పే యంత్రంలో తిప్పి, అడుగున దిగిన మడ్డి కూడా చూశాను.

లేవు.

జనవరి 11

దాచేలోపే డాక్టరమ్మ తొమ్మిదో నంబరు చూసేసింది. "ఒక్కటి కూడా లేదయ్యా. చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చి వాపు కిందికి దిగిందేమో. అట్లా అయితే కణాలు పుట్టే చోటే దెబ్బతింటుంది. పాపం, ఈయన పెళ్ళాన్ని ఎన్ని మాటలన్నారో! పిలిపించు."

సరేనమ్మా అన్నాను.

పద్నాలుగేళ్ళప్పుడు నాకు గవదలు. చెంపలకు మా అవ్వ, కన్నతల్లి, పసుపూ సున్నం పట్టు వేసింది. కిందిది చెప్పడానికి సిగ్గుపడి వారం రోజులు కాళ్ళు ఎడంగా పెట్టి నడిచాను.

జనవరి 12, ఆదివారం

రాజవ్వ. ఎనిమిదేళ్ళుగా ఈ పేరు రాయలేదు. నా మొదటి భార్య.

కులపెద్దలు మా వాకిట్లో కూర్చుని తెగదెంపులు చేశారు. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని గడప దగ్గర ఆగింది. "నా తప్పేంది?" అందరూ నా వైపు చూశారు. నేను చేతి గడియారానికి చావి ఇచ్చుకుంటూ నిలబడ్డాను.

ఇప్పుడు సుల్తానాబాద్‌లో అన్న ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుడుతోందట. ఏ పేరంటానికీ పిలవరట. గొడ్రాలి ముఖం చూస్తే ఏమవుతుందో మరి! నేను మాత్రం అన్ని పెళ్ళిళ్ళలోనూ ముందు వరసలో కూర్చుని తిన్నాను.

జనవరి 14

ఖాళీ స్లైడు చూస్తే తెల్లటి గుండ్రం. అందులో ఆమె నిలబడే ఉంది. పెట్టె దించదు.

జనవరి 16

వసంత పంచమి దగ్గరికొస్తోంది. అవ్వ పలక బయటికి తీసింది. మనవణ్ణి బాసర తీసుకపోయి అక్షరాలు దిద్దిస్తానని రాజవ్వ కాపురానికొచ్చిన ఏడు కొన్న పలక. ఏటా ఈ రోజుల్లో తీసి, తుడిచి, మళ్ళీ బట్టలో చుడుతుంది.

సుశీల కొత్తగా ఏదో పసరు తాగి రెండుసార్లు కక్కింది. నన్ను చేసుకుని ఐదేళ్ళు. "తాగు, కడుపు పండొద్దా?" అంది అవ్వ. గిన్నె లాక్కోవాలని నా చెయ్యి లేచింది. లేచి తల గోక్కుంది.

జనవరి 20

సుశీల తనంతట తనే ఆస్పత్రికి వచ్చింది. డాక్టరమ్మ నవ్వింది — "మీ ఆయన మా దగ్గరే ఉన్నాడుగా, ముందు ఆయన సీసా చూద్దాం." పద్నాలుగో నంబరు.

ఈ రోజే నాలుగో నంబరాయన రెండోసారి సీసా తెచ్చాడు.

అందులోంచి సగం నా సీసాలో పోశాను.

జనవరి 21

"నిక్షేపంగా ఉన్నాయి" అంది డాక్టరమ్మ, నా భుజం తట్టి. ఇక లోపం సుశీలలోనే వెతకాలట. వచ్చే సోమవారం కడుపు కోసి చూస్తుందట.

అవ్వ ఇంట్లో — "నేను చెప్పలేదా? నా కొడుకుకేం తక్కువ!" సుశీల బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

నేను నీచుణ్ణి. ఇక్కడన్నా రాయనీ.

జనవరి 24

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. "తొమ్మిదో నంబరు రాలేదేం? ఆయన పెళ్ళాన్ని వదిలేస్తారయ్యా, కబురు పంపు."

పంపానమ్మా అన్నాను.

జనవరి 26, ఆదివారం

సుశీల రేకుపెట్టె సర్దుకుంది. ఆస్పత్రికి రెండు చీరలు చాలు. ఉన్నవన్నీ పెట్టింది.

"గన్ని ఎందుకు?" అన్నాను.

"మళ్ళ గీ ఇంటికి వస్తనో లేదో. లోపం దొరికితే రాజక్క లెక్కనే పంపుతరు గద." పెట్టె మూత నొక్కి — "కోసినంకనన్న జెప్పుండ్రి, నా తప్పేందో."

రాజవ్వ గొంతే. గడియారం వైపు చూడబోయి ఆగాను. చూడలేదు. అయినా చెప్పలేదు.

జనవరి 27, సోమవారం పొద్దున

ల్యాబులో కూర్చుని రాస్తున్నాను. సుశీలను లోపలికి తీసుకపోయారు. పోతూ గాజులు విప్పి నా చేతిలో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

పుస్తకంలో తొమ్మిదో నంబరు ఎదురుగా నా పేరు రాశాను. రాస్తే ఏం లాభం, డాక్టరమ్మ ఈ పుస్తకం చూడదు. నోటితో చెప్పాలి. తొమ్మిది నేనే. రెండు మాటలు. ఉద్యోగం పోతుంది. అవ్వ ఏమవుతుందో. సుల్తానాబాద్ దాకా పాకుతుంది ఈ మాట... పాకాలి.

గోడ అవతల డాక్టరమ్మ కోతకు ముందు చేతులు కడుక్కుంటోంది. ఆమె చాలాసేపు కడుక్కుంటుంది.

నీళ్ళ చప్పుడు ఆగింది.