బొమ్మ రైలుకు బొట్టు పెట్టిన నేరం

భారత రాయబార కార్యాలయం, కార్మిక సంక్షేమ అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: నేను చేతబడి చేయలేదని, చేసినది ఆయుధపూజ మాత్రమేనని అరబ్బీలో ఒక కాగితం, సీలుతో సహా, ఆదివారం ఉదయం లోపల ఇప్పించుట గురించి.

అన్నమయ్య జిల్లా రాయచోటి నివాసి, ప్రస్తుతం ఈ అరబ్బు దేశపు జహ్రా పట్టణంలో ఇంటి డ్రైవరు అయిన సిద్ధయ్య వ్రాసుకొను అర్జీ.

1. మా కఫీల్, అనగా నన్ను వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఎనభై ఏళ్ళ పెద్దాయన. మేము బాబా అంటాము. చదువుకునే రోజుల్లో ఇంగ్లండులో, మూతపడిన ఒక రైలు స్టేషను పైగదిలో అద్దెకున్నారు. ఆ రైలు దారినే తమ దివానియాలో, అనగా మగవాళ్ళు కూర్చునే పెద్ద గదిలో, బల్ల మీద బొమ్మగా కట్టుకున్నారు.

2. సదరు రైలు చరిత్ర కేసుకు అవసరం కనుక మనవి చేయుచున్నాను. విక్టోరియా రాణి కాలంలో వేశారు. మొత్తం రెండు మైళ్ళు, నాలుగు స్టేషన్లు, ఊరి నడుమ ఒక సొరంగం. ఓడరేవు కూలీలు తెల్లమొహాలతో ఎక్కి మసి మొహాలతో దిగేవారట. పొగ తమ కిటికీల్లోకి వస్తోందని దొరలు అర్జీలు పెట్టారు. తరువాత ట్రాములు వచ్చి జనాన్ని లాక్కున్నాయి. ముప్పై ఏళ్ళకే మూసేశారు. చివరి బండిలో డ్రైవరు, బొగ్గు వేసేవాడు తప్ప ఎవరూ లేరని చెప్పేటప్పుడు బాబా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు. ఇంట్లో ఈ కథ వినేది నేనొక్కడినే. నాకెప్పుడూ విసుగు పుట్టలేదు.

3. నాలుగేళ్ళుగా ప్రతి శుక్రవారం ఆ ఇంజనుకు నూనె పెట్టేది నేనే. చేత్తో నూనె పెట్టిన బండికి పండగనాడు బొట్టు పెట్టకుంటే మాకు మనసొప్పదు. కనుక మొన్న ఆయుధపూజ నాడు పసుపు, కుంకుమ పెట్టి, చక్రాల ముందు నిమ్మకాయ ఉంచితిని. జానెడు ఇంజను నిమ్మకాయ ఎక్కలేక పక్కకు పడింది. దానికి బదులు ద్రాక్షపండు పెట్టితిని. బాబా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వి, "యల్లా, నడుపు" అన్నారు.

4. మరునాడు ఉదయం బాబా స్పృహ తప్పి పడిపోయారు. నాకున్న సాక్షి ఆయనొక్కరే. మామా, అనగా యజమానురాలు, కుంకుమ చూసి కెవ్వుమన్నది. పెద్దకొడుకు ఇంజనును, నలిగిన ద్రాక్షను ప్లాస్టిక్ సంచిలో కట్టి దాచాడు. ఆదివారం పోలీసులకు ఇస్తాడట. ఇక్కడ చేతబడి అంటే జైలే. "నేనేం తప్పు జేసినా? బండికి బొట్టు పెట్టినా, అంతే గదా" అని తోటి పనిమనిషి ఎలీసమ్మతో మొత్తుకున్నాను. "నాకు తెలుసన్నా. ఆళ్ళకెవరు చెప్తారు?" అన్నది.

5. కారు తాళాలు లాక్కున్నారు. బాబాను చూడనివ్వడం లేదు. అయ్యా, నాకు భయంగా ఉంది. అన్నం దిగడం లేదు.

పై సంగతులు దయతో చిత్తగించవలెను. పండగకు బండికి బొట్టు పెట్టడం మన ఆచారమని రెండు ముక్కలు వ్రాసి ఇస్తే చాలును.

తమ విధేయుడు,
సిద్ధయ్య

తా.క. అర్జీ మడుస్తుండగా ఆసుపత్రి నుంచి ఎలీసమ్మ ఫోన్ చేసింది. బాబా కళ్ళు తెరిచారు. మొట్టమొదట "సిద్ధయ్య ఏడి?" అన్నారట. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె గొంతు తగ్గించి, "అప్పుడే సంతోషపడకన్నా. పెళ్ళాంబిడ్డల్ని కాదని నిన్నడిగారంటే నువ్వు పెట్టిన మందు గట్టిగా పట్టేసిందని మామా ఏడుస్తన్నారు. ఇక ఆయనేం చెప్పినా నువ్వు చెప్పించినట్టేనంట" అన్నది. అయ్యా, బాబా ఇంకోసారి నా పేరు పిలిచేలోగా ఆ కాగితం ఇప్పించండి.