అమ్మ పెట్టిన జామీను

పెనుగొలను,
ఏప్రిల్ 6.

నాన్నకి,

మీ లిడియా వందనాలతో రాస్తున్నది. కొండ మీద సిగ్నల్ దొరికినప్పుడు మీరు చేసే ఫోను మాట మధ్యలోనే తెగిపోతుంది. ఇది అలా సగంలో తెగిపోయే విషయం కాదు. సగం విన్న మీరు మిగతా సగం ఊహించుకుని భయపడతారు. అందుకే ఉత్తరం. చదువుతుంటే కోపం వస్తుంది. వస్తే పక్కన పెట్టేసి, ఆసుపత్రిలో మందులివ్వడం అయ్యాక మళ్ళీ తీయండి. చింపేయకండి.

మాకు క్రిమినల్ లా చెప్పే శ్రీలలిత మేడమ్ గురించి మీకు చెప్పాను కదా. ఈ సెమిస్టరులో ఆవిడ మా జవాబు పత్రాలు తిరిగిచ్చేస్తూ, "బెయిల్ మీద అందరూ బాగానే రాశారు. ఇక వెళ్ళి కోర్టు వరండాలో కూర్చోండి" అన్నారు. ఎవరి ఊరికి దగ్గర్లో ఉన్న కోర్టుకి వాళ్ళని న్యాయసేవా కేంద్రంలో వాలంటీర్లుగా పంపారు. నాకు తిరువూరు వచ్చింది. మీతో 'ప్రాజెక్టు పని' అని మాత్రమే చెప్పాను. అబద్ధం చెప్పలేదు గానీ, నిజం మొత్తం చెప్పలేదు.

వరండాలో ఒక బల్ల, దాని వెనక నేను. వచ్చేవాళ్ళలో చాలామందికి కావలసింది లాయరు కాదు, ఏ గదిలోకి వెళ్ళాలో చెప్పే మనిషి. ఆ పని నాకు బాగానే వచ్చింది. శనివారాలు మాత్రం విజయ్ కుమార్ గారితో సబ్‌జైలుకి వెళ్ళాలి. ఆయన కేంద్రం తరఫున బీదవాళ్ళ కేసులు చూసే లాయరు. మొదటి శనివారం గేటు దాకా ఆయన వెనకే నడిచాను. జైలంటే చీకటిగా ఉంటుందనుకున్నాను. లోపల పట్టపగటి వెలుతురు. ఎవరి ముఖం వైపూ చూడకుండా తప్పించుకోవడానికి వీల్లేకపోయింది.

అక్కడ కార్తీక్ అనే అతన్ని చూశాను. అతని ఊరు వినగడప. నాకంటే ఏడాది పెద్దవాడేమో. తిరువూరులో పత్తి మిల్లున్న సుందరరామయ్య గారి పొలంలో బోరు మోటారు ఊడదీసి, అందులో రాగి తీగ ఎవరో పట్టుకుపోయారు. అంతకు ముందు ఆ పొలంలో పనిచేసి మానేసింది ఇతనే కాబట్టి ఇతన్ని పట్టుకున్నారు. తీశాడో లేదో నాకు తెలియదు నాన్నా. తను తీయలేదంటాడు. బెయిలు ఫిబ్రవరిలోనే వచ్చింది. నన్ను చూసి లేచి నిలబడి, "మేడమ్, బెయిల్ వచ్చిందన్నారు. మరి నా దాకా ఎప్పుడొస్తుందండీ?" అని అడిగాడు.

నేను పది మార్కుల జవాబు రాసిన మనిషిని. నోట మాట రాలేదు.

సంగతేమిటంటే, అతనికి జామీను పెట్టేవాళ్ళు లేరు. వాళ్ళమ్మ పిచ్చమ్మ పత్తి తీతకీ మిరపకోతకీ వెళ్ళే మనిషి. ఉన్న పాకకి పట్టా లేదు. పొలం ఉన్న చుట్టాలకి సుందరరామయ్య గారంటే భయం. కోర్టు తలుపు తీసింది, బయటికి నడిపించడానికి మాత్రం ఒక్క మనిషి లేడు.

ఇప్పుడు అసలు విషయం. అమ్మ పేరున ఉన్న మామిడి తోట పాస్‌బుక్ పెట్టి అతన్ని బయటికి తెచ్చాం. అమ్మ తనంతట తను ముందుకు రాలేదు. నేనే అడిగాను. అంగన్‌వాడీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. చెప్పాను. రెండో కాలు కూడా కడుక్కుంది. తర్వాత, "వాళ్ళమ్మ ఒక్కతే ఉంటోందా?" అంది. అవునన్నాను. "మీ నాన్నకి నువ్వే చెప్పాలి మరి. నా వల్ల కాదు" అంది. విజయ్ కుమార్ గారు నన్ను బాగా కేకలేశారు. "ఇంట్లోవాళ్ళని ఇందులోకి లాగకూడదమ్మా. రేపు వాడు వాయిదాకి రాకపోతే, ఈ బల్ల దగ్గర నువ్వు కూర్చోగలవా?" అన్నారు. అయినా ఆగలేదు.

జోజిబాబు బాబాయికి జామీను పెట్టి మీరు పడింది నేను మరిచిపోలేదు. ఆయన ఎటో వెళ్ళిపోయాక మీరు కోర్టు నుంచి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా మంచం మీద కూర్చునేవారు. మేం మిమ్మల్ని అన్నానికి పిలవడానికి భయపడేవాళ్ళం. మన ఇంట్లో ఎవరూ ఎవరికీ జామీను పెట్టకూడదని కుటుంబ ప్రార్థనలో మీరు అందరి చేతా ఆమెన్ అనిపించారు. ఆ ఆమెన్ నేనూ అన్నాను. దాన్ని నేనే దాటాను.

అమ్మని ఏమీ అనకండి. అనేదేదైనా నాకు రాయండి.

మీ కోపానికి ఎదురుచూసే కూతురు,
లిడియా.


పెనుగొలను,
మే 9.

నాన్నా,

మీ దగ్గర్నుంచి జవాబు లేదు. మొన్న ఫోనులో అమ్మతో మాట్లాడి, నాకు ఇవ్వమనకుండానే పెట్టేశారట. ఉత్తరం అందిందని దాంతోనే అర్థమైంది. ఇప్పుడు రాసేది చదివాక ఇంకేమంటారో అని చేయి సాగడం లేదు. అయినా ఎవరో చెప్పి తెలియడం కంటే నా చేతి రాతలో తెలియడమే మేలు.

కార్తీక్ కనిపించడం లేదు.

బయటికొచ్చిన కొత్తలో బాగానే ఉన్నాడు. వారం వారం స్టేషనుకి వెళ్ళి సంతకం పెట్టాలి. పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ కోర్టు వరండా దాకా వచ్చి, "పెట్టానండీ" అని చెప్పి వెళ్ళేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. మామిడికాయల కోత మొదలయ్యాక పనికి వెళుతున్నానన్నాడు. ఆ తర్వాతి వారం రాలేదు. ఫోను పలకడం లేదు. స్టేషను నుంచి నాకు ఫోను చేసి, "ఏమ్మా, మీవాడు రావట్లేదు?" అన్నారు. మీవాడు అన్నారు నాన్నా. కిందటి వాయిదాకీ రాలేదు. పేరు మూడుసార్లు పిలిచారు. పిలిచిన ప్రతిసారీ నేను గేటు వైపు చూశాను. వారంటు ఇచ్చారు. అమ్మకి నోటీసు వచ్చింది.

అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నోటీసు తీసుకుని సంతకం పెట్టి, పిల్లలకి గుడ్లు ఉడకపెట్టడానికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

వినగడప వెళ్ళాను. పిచ్చమ్మ నన్ను చూడగానే చేతిలో చీపురు కింద పడేసింది. వాడికేదో అయిందని చెప్పడానికి వచ్చాననుకుంది. "సత్తుపల్లి వైపు తోటల్లో అన్నాడమ్మా. కోత ముఠాతో వెళ్ళాడు. ఏ తోటో నాకేం తెలుసు. మీ అమ్మగారికి ఏం ముఖం చూపించనమ్మా" అని నా చేతులు పట్టుకుంది.   

ఆ తోటల కాయలు వచ్చే నున్న మామిడి మార్కెట్టుకి కూడా వెళ్ళాను. లారీల మధ్య ఫోనులో అతని ఫొటో చూపిస్తూ తిరిగాను. ఒకాయన, "ఏమవుతాడమ్మా నీకు?" అని నవ్వాడు. వెనక్కి వచ్చేటప్పుడు తిరువూరు బస్టాండులో సుందరరామయ్య గారు కారు ఆపి దిగారు. మర్యాదగానే మాట్లాడారు. "మీ నాన్న జోజప్ప నాకు తెలుసమ్మా, మంచివాడు. చదువు చదువులా ఉంటే అందరికీ బాగుంటుంది. పోయింది నా మోటారు. దొంగకి కాపలా కాసింది మీ అమ్మ. ఇప్పుడేమైంది?" అన్నారు.  ఆయన మోటారు పోయిన మాట నిజమే కదా. ఆ మాట నేను ఇన్నాళ్ళూ ఒక్కసారైనా అనుకోలేదని అప్పుడు తెలిసింది.

బస్సులో కూర్చున్నాక నాకొక ఆలోచన వచ్చింది. ఎక్కడో ఒకచోట పోలీసులు అతన్ని పట్టుకుని మళ్ళీ లోపల వేస్తే బాగుండును, అమ్మ తోట బతుకుతుంది అని. అతని కాలో చెయ్యో విరగ్గొట్టినా సరే, దొరికితే చాలనుకున్నాను. అంతగా అనుకున్నాను నాన్నా. ఆ శనివారం జైల్లో నాకు మాట రాకుండా చేసిన మనిషి గురించి. వినగడపలో జామీను పెట్టని చుట్టాలందరినీ మనసులో తిట్టుకున్నాను. వాళ్ళ భయం నా దాకా రావడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఇక రాయవలసింది ఒక్కటే. నేను లా మానేస్తాను. ఈ పరీక్షలు రాసి హాస్టలు ఖాళీ చేస్తాను. భయపడేవాళ్ళు చేసే పని కాదిది. వచ్చే వాయిదా నా ఆఖరి పరీక్ష రోజునే పడింది. అమ్మ ఒక్కతే వెళ్ళి జడ్జిగారి ముందు నిలబడాలి. ఆ రోజు నేను పరీక్ష హాల్లో బెయిల్ గురించి రాస్తూ ఉంటాను.

మీరు తిడుతూ రాసినా సరే, ఏదో ఒకటి రాయండి.

లిడియా.


పెనుగొలను,
మే 24.

లిడియమ్మకి,

నాన్న దీవెనలు. అమ్మ ఫోనులో నీకు సగం చెప్పి ఏడ్చేసిందట. మిగతా సగం నేను రాస్తున్నాను. నువ్వు హాస్టలు నుంచి బయల్దేరేలోపు ఇది నీకు అందాలని మన బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

నీ మొదటి ఉత్తరానికి నేను జవాబు పంపకపోవడానికి కారణం రాయలేకపోవడం కాదు. మూడు జవాబులు రాశాను. మూడూ నువ్వు చదవదగ్గవి కావు. రెండోది అందాక సెలవు పెట్టి బయల్దేరాను. నీకు నిజం చెప్పాలి. నేను మీకు సాయం చేయడానికి బయల్దేరలేదు. లాయరుని పట్టుకుని, మీ అమ్మ పేరు ఆ కాగితాల్లోంచి తీయించడానికి బయల్దేరాను.

భద్రాచలంలో బస్సు మారాను. దారిలో సత్తుపల్లి వచ్చింది. దిగాలని అనుకోలేదు. బస్సు ఆగింది, కిందికి దిగి నిలబడ్డాను. మళ్ళీ ఎక్కలేదు. కార్తీక్ పారిపోయాడని అందరూ అంటున్నారు. పారిపోయేవాడు కోత ముఠాతో కలిసి అంత దగ్గరికెందుకు పోతాడు? నా ఉద్యోగంలో మామిడి చెట్ల మీద నుంచి పడ్డవాళ్ళకి ఎన్నిసార్లు కట్టుగుడ్డలు ఇచ్చి ఉంటానో. అక్కడి ఆసుపత్రికి వెళ్ళి, నేను ఫార్మసిస్టునని చెప్పి, వాడి పేరుతో ఎవరైనా చేరారా అని అడిగాను. నర్సమ్మ నేరుగా వాడి మంచం దగ్గరికి తీసుకెళ్ళింది.

కొమ్మ విరిగి పడ్డాడు. కుడి కాలు తొడ దగ్గర విరిగింది. తలకి కూడా దెబ్బ. కొన్నాళ్ళు సరిగ్గా తెలివి లేదట. ముఠావాళ్ళు చేర్పించి, కోత అయిపోగానే ఇంకో తోటకి వెళ్ళిపోయారు. ఫోను చెట్టు కిందే పగిలిపోయింది. తెలివి వచ్చాక కూడా ఎవరికీ కబురు చేయలేదు. ఎందుకు చేయలేదురా అంటే, "సంతకాలు తప్పానండీ. ఎవరికి చేసినా పోలీసులే వస్తారనుకున్నాను" అన్నాడు.

నేనెవరో చెప్పాను. వాడు లేవబోయాడు, లేవలేకపోయాడు. "టీచరమ్మగారి తోట పోయిందా అండీ?" అని అడిగాడు.

అమ్మా, జోజిబాబు కనిపించకుండా పోయిన ఆరేళ్ళకి నాకు ఒక పెళ్ళిలో ఎదురుపడ్డాడు. భోజనం బాగుందన్నాడు. పిల్లలు ఏం చదువుతున్నారన్నాడు. అన్నయ్యా, నా వల్ల నువ్వేమైపోయావు అని మాత్రం అడగలేదు. నాకు కావలసింది ఆ ఒక్క మాటేనని నాకే తెలియదు. ఈ కుర్రాడి నోట విన్నాక తెలిసింది. ఆ మంచం పక్కన స్టూలు మీద చాలాసేపు కూర్చుండిపోయాను. నర్సమ్మ నన్ను వాడి తండ్రి అనుకుని మందుల చీటీ నా చేతిలో పెట్టింది.

వాయిదా రోజుకి డాక్టరు దగ్గర కాగితాలు రాయించుకుని, వెనక సీటులో పరుపు వేసిన ఆటోలో తెచ్చాను. పిచ్చమ్మ కోర్టు గేటు దగ్గర వాణ్ణి చూసి ఏడవలేదు. ముందు వాడి వీపు మీద రెండు దెబ్బలు కొట్టింది. తర్వాత ఏడ్చింది. మీ అమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుంటూ అటు తిరిగింది. నాతో అప్పటిదాకా మాట్లాడలేదు. నేను ఏ పనికి వచ్చానో ముఖం చూసే కనిపెట్టింది.

విజయ్ కుమార్ గారు బాగా చెప్పారు. జడ్జిగారు కాగితాలన్నీ చదివి, వాడి కాలు చూసి, వారంటు రద్దు చేశారు. అమ్మకిచ్చిన నోటీసు కూడా తీసేశారు. అయితే ఒకసారి తప్పాడు కాబట్టి ఇంకొక జామీను కూడా కావాలన్నారు. "ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు.  అమ్మ నా వైపు చూడలేదు. పిచ్చమ్మ ఎవరి వైపూ చూడలేదు. సుందరరామయ్య గారి మనిషి వెనక బెంచీలో ఉన్నాడు. వెంటనే లేచానని గొప్ప చెప్పుకోను. కూర్చునే ఉన్నాను. ప్రార్థనలో మీ అందరి చేతా అనిపించిన ఆమెన్ గుర్తొచ్చింది. జడ్జిగారు తల వంచి ఏదో రాయబోతుంటే లేచి, "నేనున్నానండీ" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయన మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను.

బయటికొచ్చాక మీ అమ్మ, "టీ తాగుతారా?" అంది. అది నాతో అన్న మొదటి మాట.

ఆ మోటారు వాడు తీశాడో లేదో నాకూ తెలియదు. అది ఆ కోర్టు తేలుస్తుంది. సుందరరామయ్య గారు ఇకముందు నాకు నమస్కారం పెట్టకపోవచ్చు. వాడు వాయిదాలకి వస్తాడా అన్న భయం నాకు పోలేదు, పోదు. ఇప్పటిదాకా నీకూ అమ్మకీ ఉన్నది నాకూ వచ్చింది, అంతే. రాత్రి పడుకుంటే వాడి కాలు గుర్తొస్తోంది, వాడి వాయిదా గుర్తొస్తోంది.

బస్సులో నీకొచ్చిన ఆలోచన గురించి రాశావు. అందుకని చదువు మానేస్తానన్నావు. అలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడి నాకు రాసిన పిల్ల ఆ బల్ల దగ్గర కూర్చోకపోతే, ఇంకెవరిని కూర్చోమంటావు? హాస్టలు ఖాళీ చేయకు. సెలవులకి మాత్రం రా. నేను కొండ మీదికి వెళ్ళిపోతున్నాను. వాడికి కట్టు విప్పే రోజున సత్తుపల్లి తీసుకెళ్ళడానికి మన ఇంటి నుంచి ఒక మనిషి కావాలి.

నీతో పాటు భయపడే,
నాన్న,
జోజప్ప.