బల్బు మీద జాలి

న్యూకాసిల్,
జూన్ ఇరవై.

వెండెల్ గారికి,

మా ఆయన హెడ్లీ పోయాడని తెలిసి మీరు రాసిన ఉత్తరం అందింది. చదివాక ఒళ్ళు మండిపోయింది. "హెడ్లీ చెప్పిందే నిజం, చెల్లెమ్మా. కరెంటు బల్బు కనిపెట్టింది మీ ఊరి స్వానే, మా ఎడిసన్ కాదు" అని రాస్తారా? ఎంత ధైర్యం మీకు?

యుద్ధంలో కలిసిన నాటి నుంచీ మీ ఇద్దరికీ ఇదే తగువు. మీ ఉత్తరం వచ్చిన రోజు, పళ్ళెంలో గుడ్లు చల్లారిపోతున్నా, "చూశావా, ఈ అమెరికావాడు మళ్ళీ ఎడిసనే అంటున్నాడు!" అని ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఏటా మీ స్వాతంత్ర్య దినానికి టీ పొట్లం పంపి, "మా రాజు మీద కోపంతో మీ తాతలు టీ అంతా సముద్రంలో పోశారు, ఈసారైనా పారబొయ్యకండ్రా" అని చీటీ పెట్టేవాడు. ఆస్పత్రి మంచం మీద కూడా మీకు జవాబు నాచేత రాయించాడు.

ఆయన బతికుండగా ఒక్కసారి కూడా తగ్గని మీరు, ఆయన పోయాక జాలిపడి తగ్గుతారా? ఆయన గెలవాలనుకున్నాడు గానీ, మీరు వదిలేసిన గెలుపును ఏరుకోవాలనుకోలేదు.

టీ పొట్లం పంపుతున్నాను. పారబొయ్యకండి. బల్బు ఎడిసన్‌దేనని ఎప్పటిలా తిట్టి రాయండి, జవాబు నేనిస్తాను. ఈ ఇంట్లో ఎవరైనా గట్టిగా అరిచి చాలా రోజులైంది.

ఇట్లు,
హెడ్లీ భార్య