నా గొంతు తప్ప మిగతావన్నీ

ఇరవై ఆరేళ్ల వయసులో, ఒంట్లో జ్వరం గానీ బుర్రలో తిక్క గానీ లేకుండా, ఎవరి బలవంతమూ ప్రలోభమూ లేకుండా, హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే నేను నా ఇష్టపూర్వకంగా రాసిన వీలునామా ఇది. మతి ఉన్నవాళ్లెవరైనా ఈ పని చేస్తారా అని మా అన్నయ్య అడుగుతాడు. అడగనీ.

ఎందుకు రాస్తున్నానో ముందు చెబుతాను. రేపు పొద్దున టీవీ సీరియల్ షూటింగులో కూలీ వేషం వేసి, రెండంతస్తుల కట్టడం మీద నుంచి పరుపుల మీదికి పడాలి. పడే ముందు ఒక డైలాగు ఉంది. ఈ దేశం వచ్చిన నాలుగేళ్లలో నాకు దొరికిన మొదటి డైలాగు. ఏదైనా జరిగితే తమకు బాధ్యత లేదని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. వారసులెవరో రాయడానికి అందులో ఒక్క గీత చోటిచ్చారు. నాకు చాలలేదు.

1. అన్నయ్యకు: నన్ను ఇక్కడికి తీసుకొచ్చిన రోజు కొనిచ్చిన పెట్టె తిరిగి ఇచ్చేస్తున్నాను. దాని చక్రం విరిగింది నా వల్ల కాదు. వేషాల కోసం తీయించుకున్న నా ఫొటోలతో సహా దాన్ని మెట్ల మీద నుంచి తోసింది తనే. "మా చెల్లెలు ఆసుపత్రిలో చేస్తుంది" అని చుట్టాలకు చెప్పుకుంటున్నాడు. అబద్ధమని నేననను. ఆసుపత్రి సెట్టులో తొమ్మిది సార్లు శవంగా పడుకున్నాను. ఇక మీదట "యాక్టింగు చేస్తుంది" అని నోరారా చెప్పుకునే హక్కు అతనికి రాసిస్తున్నాను. వాడుకుంటాడో లేదో అతని ఇష్టం.

2. ఆరేళ్ల మేనకోడలికి: నా గోడ అద్దం. "అత్తా, ఊపిరి పీల్చావ్! నేను చూశా!" అని టీవీకి ముక్కు ఆనించి మరీ శవం వేషంలో ఉన్న నన్ను పట్టేసింది అదొక్కతే. అందుకే రహస్యం కూడా దానికే. గాలి పొట్టలోకి కాదు బంగారం, వీపులోకి తీసుకోవాలి. దానికి ఇవన్నీ నేర్పొద్దని వదిన చెప్పింది. నేర్పేశాను.

3. లాండ్రీ సూపర్‌వైజరుకు: "రేపు డ్యూటీకి రాకపోతే ఎల్లుండి కూడా రానక్కర్లేదు" అన్నారు కదా సార్. లాకరు తాళంచెవి ఈ కాగితంతో పాటే ఉంది. చచ్చినా బతికినా ఎల్లుండి రాను.

4. సీరియల్ అసిస్టెంటు డైరెక్టరుకు: లాండ్రీలో పెద్ద దుప్పటిని ఇద్దరు పట్టుకుని మడవాలి. అవతలి కొస పట్టుకునే అక్క మీ సీరియల్లోని డాక్టరు డైలాగు చెబుతుంది. నేను నర్సు డైలాగు చెబుతూ నాలుగడుగులు ముందుకేసి కొసలు కలుపుతాను. దుప్పటికో డైలాగు. ఈ దేశపు భాష నాకు బళ్లో రాలేదు, అలా వచ్చింది. తొమ్మిదోసారి నేను శవంగా పడుకున్నప్పుడు డాక్టరు వేషం వేసినాయన డైలాగు మర్చిపోయి ఆగిపోయారు. అలవాటు కొద్దీ, కళ్లు మూసుకునే, రిహార్సల్లో విన్న ఆ మాట అందించేశాను. సెట్టంతా ఘొల్లుమంది. మీరు మాత్రం "శవానికి నోరెందుకమ్మా?" అని బయటికి గెంటారు. వారం తిరక్కుండా డైరెక్టరు గారే కబురు పెట్టి ఈ వేషం ఇచ్చారు. ఆ రోజు ఒంటికి చుట్టుకుని వచ్చేసిన మీ తెల్ల దుప్పటి పంపుతున్నాను. ఉతికి, ఇస్త్రీ చేసి, కొసలు కలిపి పెట్టాను. నాకిక దానితో పని లేదు.

5. నా గొంతు: ఎవరికీ ఇవ్వను. నా మాట తీసేసి వేరే ఆవిడ గొంతు పెట్టుకుంటామని ఆ కాగితంలోనే సన్న అక్షరాల్లో రాశారు. నా యాస బాలేదట. ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి పక్కన సంతకం చేశాను. రేపు షూటింగు గేటు దగ్గరే ఆ కొట్టివేత చూసి వెనక్కి పంపొచ్చు. అప్పుడు వేషమూ ఉండదు, లాండ్రీ కూడా ఉండదు. తెలిసే కొట్టేశాను. నేను పడి, లేవకపోయినా సరే, నా పెదాల మీద ఇంకొకరి గొంతు అతికించకూడదు. కావాలంటే నన్ను మూగదానిలా చూపించుకోండి, జనం పెదాలు చూసి అర్థం చేసుకుంటారు.

6. అవతలి కొస పట్టుకున్న అక్కకు: నా నల్ల బూట్లు, డైలాగుల నోటుపుస్తకం. బూట్లు నాకు ఒక సైజు పెద్దవి, ముందు దూది కుక్కుకునేదాన్ని. నీకు సరిగ్గా సరిపోతాయి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా నీదే. "పోయాక కూడా నాతోనే మడతలు పెట్టిస్తున్నావు కదే!" అని తిడతావని తెలుసు. తిట్టుకుంటూనే చెయ్యి.

7. అంత్యక్రియలు: నన్ను కదలకుండా పడుకోబెట్టడానికి ఎవరూ శ్రమపడొద్దు, అనుభవం ఉంది. నా గురించి నాలుగు మాటలు చెప్పబోయి ఎవరైనా మధ్యలో మర్చిపోతే కంగారుపడి కాగితాలు వెతుక్కోవద్దు. కాస్త ఆగండి. నేను అందిస్తాను. నా యాసలోనే.

తేదీ: 14-9-2025, ఆదివారం, లాండ్రీ భోజన విరామంలో. ఇందులో కొట్టివేతలు లేవు. ఉన్న ఒక్క కొట్టివేత ఆ కాగితంలో ఉంది.

(సంతకం) రెండో వరస, దుప్పట్ల బల్ల

సాక్షులు, ఇద్దరికీ ఇందులో వాటా లేదు:
1. ఆరబెట్టే యంత్రం దగ్గరుండే బాబాయి
2. హోటల్ గేటు కాపలా పెద్దాయన (చదివి నవ్వారు, తర్వాత నవ్వలేదు)