ఎల్లాజీ బావకు, తీర్పు వచ్చిన రోజున

బావా,

"ఇరవై నాలుగు గంటల్లో నిన్ను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి తీరాలి, రాజ్యాంగంలో ఉంది, భయపడకు" అని స్టేషన్ గుమ్మంలో నీకు మాటిచ్చాను. నాలుగో రోజు మార్చురీలో నిన్ను గుర్తుపట్టమన్నారు. నేను చదివిన పుస్తకాల విలువ అంతే.

చెల్లి వేసిన రిట్ పిటిషన్‌ను పదకొండేళ్ల తర్వాత ఈరోజు హైకోర్టు కొట్టేసింది. నిన్ను శుక్రవారం అరెస్టు చేశామనీ, ఆరోజే గుండె ఆగి పోయావనీ పోలీసులు రాసుకున్నారు. మంగళవారమే జెట్టీ మీంచి ఈడ్చుకెళ్లారని చెప్పగలిగిన నీ బోటువాళ్లు ముగ్గురూ అఫిడవిట్ ఇవ్వలేదు. సాక్ష్యం లేదన్నారు జడ్జిగారు.

పోయిన నెల ఆ ముగ్గురిలో ఒకడైన మసేనును సాక్ష్యం చెప్పమని బతిమాలాను, కాళ్లొకటే పట్టుకోలేదు. నీతో పాటు వల లాగినవాడు, తలెత్తకుండా వల బాగు చేసుకుంటూ కూర్చున్నాడు.

"నానేటి సేత్తాను మేస్టారూ? ఊరంతా గంగమ్మ తల్లి ముందర ఒట్టేసినాం. నోరిప్పితే సేప పడదు."

"చట్టం ఉందిరా."

"సట్టం మాతో సేపల ఏటకొత్తాదేటి?"

గంగమ్మ అంటే వాడికున్న భయంలో పదోవంతు రాజ్యాంగమంటే పోలీసులకు లేదు.

తీర్పు సంగతి విన్న చెల్లి బుట్ట ఎత్తుకుని చేపల బజారుకు వెళ్లిపోయింది.

నిన్ను కొట్టిన ఎస్సై నుంచి నేనేనాడూ న్యాయం ఆశించలేదు. హార్బరులో మన బోట్లు ఆపేస్తారని భయపడి, నీ శవం ఇంటికి రాకముందే ఊరిని గుడి ముందు కూర్చోబెట్టి ఆ ఒట్టు వేయించిన పెద్దమనిషిని మాత్రం చచ్చినా క్షమించను. ఆ పెద్దమనిషి నీ తోడబుట్టిన అన్న నూకరాజే.