హరిబాబు ఇంజన్

నవంబర్ 2, ఆదివారం

కారు ఆర్సీ ఈ నెలాఖరుతో సరి. ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగే బ్రోకరు కొండబాబు వచ్చాడు. ఇంకో అయిదేళ్ళకి రెన్యూవల్ రాదు, పొగ పరీక్షలోనే తన్నేస్తుంది, స్క్రాప్‌కి ఇచ్చేస్తే కొత్త బండికి రాయితీ ఇప్పిస్తానని చెప్పి, టీ తాగి వెళ్ళాడు. నాకు డెబ్భై ఎనిమిదేళ్ళు. నాకు కొత్త బండి! వీడి తండ్రి నేను లైబ్రేరియన్‌గా ఉండగా పట్టుకెళ్ళిన రెండు నిఘంటువులు ఇప్పటికీ వెనక్కి రాలేదు. అయినా ఆ ఇంట్లో ఎవరికీ ఒక్క మాటకి అర్థం తెలిసినట్టు కనబడదు.

నిబంధనలు నేనే చదివాను. యాభై ఏళ్ళు దాటి, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపంలోనే ఉన్న బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చెయ్యొచ్చు. ఆ తర్వాత రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప రోడ్డెక్కకూడదు. పరవాలేదు. నాది 1972 అంబాసిడర్. ఎనభై ఆరులో విజయనగరంలో సర్కారు వేలంలో కొన్నాను. ఇప్పుడు తిరగడానికి నాకు ఊళ్ళు లేవు. కావలసింది ఆ కాయితం.

ఎందుకో ఇక్కడ రాసుకుంటే ఎవరికీ నష్టం లేదు. పదకొండేళ్ళ కిందట నా భార్య పద్మకి గుండెనొప్పి వస్తే శ్రీకాకుళం నుంచి ఈ కారులోనే విశాఖపట్నం బయల్దేరదీశాను. రణస్థలం దాటాక ఆగిపోయింది. వాన. ఇంకో బండి దొరికి, ఆసుపత్రికి చేరేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. పన్నెండో రోజున పద్మ తమ్ముడు హరిబాబు విస్తరి ముందు నుంచి లేచి, అందరూ వింటుండగా అన్నాడు:

"ఆ డొక్కు కారే మా అప్పని సంపీసినాది. ఇన్ని పుస్తకాలు సదివిన మడిసికి ఏ బండెక్కించాలో తెలీకపోనాది."

ఆనాటి నుంచి మాటల్లేవు. డొక్కో కాదో తేల్చవలసింది హరిబాబు కాదు. సర్కారు ముద్ర వేసి రాసివ్వాలి. ఆ నకలు ఒకటి గజపతినగరంలో ఉన్న హరిబాబుకి పోస్టులో పంపిస్తాను. రిజిస్టర్డ్ పోస్టులో.

నవంబర్ 4

ఇన్సూరెన్స్ లేనిదే రిజిస్ట్రేషన్ లేదు. అంతా ఒరిజినలేనని సర్వేయర్ రాయనిదే ఇన్సూరెన్స్ లేదు. కంపెనీవాడు ఫోనులో, మామూలు పాలసీ అయితే తరుగుదల పోను మీ బండి విలువ సున్నా సార్ అన్నాడు. వింటేజ్‌కి తరుగుదల లెక్కించరట. ఇద్దరూ ఒప్పుకున్న విలువ రాస్తారట.

తరుగుదల లెక్కించని చోటు ఒకటుందని ఈ వయసులో తెలిసింది.

నవంబర్ 5

హారన్ మోగలేదు. మోగింది. మళ్ళీ మోగలేదు.

నవంబర్ 7, శుక్రవారం

సర్వేయర్ శైలజ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చెప్పులు బయట వదిలి కారు షెడ్డులోకి వచ్చింది. అప్పటికి సంతోషించాను. సీట్లు, డాష్‌బోర్డు, స్టీరింగ్ పక్కనున్న గేరు, అన్నీ ఫోటోలు తీసింది. చాలా బాగా ఉంచారంది. నేను కాఫీ పెట్టడానికి లేచాను. వచ్చేసరికి బానెట్ కింద దూరి, కిరసనాయిలు గుడ్డతో ఇంజన్ మీద గ్రీజు తుడుస్తోంది. ఆర్సీ అడిగింది. చదివింది. మళ్ళీ తుడిచింది.

"ఛాసిస్ మీదే సార్. ఇంజన్ మీది కాదు."

కళ్ళజోడు మార్చి నేనూ చూశాను. ఒక్క అంకె కూడా కలవలేదు. ప్రతి అయిదేళ్ళకీ రెన్యూవల్ చేసిన మహానుభావులు కాయితంలో నంబరు చూసి కాయితంలోనే రాసుకున్నారన్న మాట. అసలు ఇంజన్ దొరికితే పిలవమంది. లేకపోతే ఉన్నదే రాయాల్సొస్తుందని, ఆ రాసినదాన్ని మార్చడం ఎవరి వల్లా కాదని మర్యాదగానే చెప్పింది.

కాఫీ ఇద్దరం తాగలేదు.

నవంబర్ 8

ఎవరు మార్చారు? ఎదురింటాయన మీద నాకు మొదటి నుంచీ అనుమానమే గానీ, ఆయనకి సైకిలు గాలి కొట్టడం కూడా రాదు. అరుగు మీద కూచుని, నాకు ద్వేషం ఉన్నవాళ్ళందరినీ వరసగా తలుచుకున్నాను. చాలామందే ఉన్నారు. ఇంజన్ ఎత్తగలిగినవాడు ఒక్కడూ లేడు.

అన్నం సహించలేదు. బండి డొక్కు కాదనిపించుకోవాలని బయల్దేరితే, బండే నాది కాదని తేలేట్టుంది.

నవంబర్ 9, ఆదివారం

మెకానిక్ దాలయ్య దగ్గరికి వెళ్ళాను. వేలంలో కొన్న రోజు నుంచి ఈ బండిని విప్పింది అతనొక్కడే. ఇప్పుడు షెడ్డు అల్లుడు చూసుకుంటున్నాడు. దాలయ్య గుమ్మంలో పాత టైరు మీద కూచుని వచ్చేపోయేవాళ్ళకి తప్పులు దిద్దుతుంటాడు. విషయం చెబితే సిగ్గుపడతాడనుకున్నాను. నవ్వాడు.

"కొన్న ఏడే రెండు బళ్ళూ ఒక్కపాలే ఇప్పినాను కదా బాబూ. నువ్వేమో పెళ్ళికెళ్ళాలని నా నెత్తి మీద కూకున్నావు. ముందు తయారైన ఇంజను నీకు బిగించీసినాను. రెండూ ఒక తల్లి పిల్లలే. ఇన్నేళ్ళూ నడిసినాదా, నేదా?"

రెండో బండి ఎవరిదో అడగక్కర్లేదు. ఆ వేలానికి హరిబాబూ నేనూ కలిసే వెళ్ళాం. ఒకే ఆఫీసువి, ఒకే ఏడాదివి, రెండు తెల్ల అంబాసిడర్లు. చెరొకటి పాడుకున్నాం. అప్పట్లో మేము ఒకరి చొక్కా ఒకరం తొడుక్కునేవాళ్ళం. దాలయ్య దృష్టిలో ఇంజనూ అంతే.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తట్టింది.

రణస్థలం దగ్గర ఆగిపోయింది హరిబాబు ఇంజన్.

నవంబర్ 10

ఆ నింద పదకొండేళ్ళు మోశాను. పెళ్ళిళ్ళకి వెళ్ళలేదు. వెళ్ళిన చోట, డొక్కు కారాయన వచ్చాడు అన్నట్టే అందరూ చూశారు. ఇవాళ అద్దం ముందు గడ్డం గీసుకుంటూ హరిబాబుకి చెప్పబోయే ఆ వాక్యం పైకి అని చూసుకున్నాను. ముందు కోపంగా. తర్వాత నెమ్మదిగా. నెమ్మదిగా అంటేనే బాగా దిగుతుంది.

మధ్యాహ్నం దాలయ్య ఫోన్. హరిబాబు తన కారుని తుక్కుకి మాట్లాడేశాడట. శుక్రవారం లారీ వస్తుందట. అప్ప పోయిన దగ్గర నుంచి అతను ఆ బండి ఎక్కలేదని, గోగునార గొడౌన్‌లో మూలన పడుందని చెప్పాడు. నా ఇంజన్ దాంతోపాటే పోతుంది. నా కాయితం కూడా.

గజపతినగరం బస్సుల టైములు కనుక్కున్నాను.

నవంబర్ 11

బస్టాండు దాకా వెళ్ళి వచ్చేశాను.

నవంబర్ 12, బుధవారం

దాలయ్యని వెంటబెట్టుకుని గజపతినగరం వెళ్ళాను. దారిలో విజయనగరం దాకా ఆ వాక్యం మూడుసార్లు దిద్దుకున్నాను. హరిబాబు భార్య నీలవేణి తలుపు తీసి, అన్నియ్యా అని, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళిపోయింది. హరిబాబు చిక్కిపోయాడు. మడత కుర్చీలోంచి లేవలేదు.

"ఏటి బావా, బస్సు తప్పు ఈదిలో దించీసినాదా?"

బానెట్ ఎత్తి చూడాలన్నాను. ఎందుకని అడగలేదు. తాళంచెవి విసిరాడు. దాలయ్య పట్టుకున్నాడు.

గొడౌన్ ఖాళీ. నార వ్యాపారం ఎప్పుడో మానేశాడు. కారు మీద దుమ్ము బెత్తెడు. దాలయ్య తుడిస్తే నంబరు కనబడింది. నాదే. ఒక్కొక్క అంకే పైకి చదివాను. హరిబాబు వెనక వచ్చి నిలబడి, అయితే ఏటంటావు అన్నాడు. దాలయ్య ఆ పాత సంగతి నవ్వుతూనే చెప్పాడు. హరిబాబూ నవ్వబోయాడు. ఎనభై ఆరులో నవ్వినట్టే.

అప్పుడు చెప్పాను. నెమ్మదిగానే.

"ఆ రోజు ఆగిపోయింది నీ ఇంజను, హరీ. నాది ఇక్కడ నీ గొడౌన్‌లో ఉంది."

దాలయ్య నవ్వు ఆగింది. హరిబాబు కారు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. ఏదో ఒకటి అంటాడని, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుని ఉన్నాను.

"తీసుకుపో బావా" అన్నాడు చివరికి.

నీది నీకు పంపిస్తానన్నాను. వద్దన్నాడు. నీలవేణి మూడు గ్లాసులు తెచ్చింది. ఒకటి అలాగే ఉండిపోయింది.

గెలిచాను.

నవంబర్ 14, శుక్రవారం

చైన్ పుల్లీతో ఇంజన్ దించి, మినీ వ్యానులో శ్రీకాకుళం తెచ్చారు. దాలయ్య బిగిస్తున్నాడు. హరిబాబు ఇంజన్ నా వరండాలో గోనెపట్టా కింద ఉంది. అటు నుంచి రావాల్సొచ్చినప్పుడల్లా పెరటి గుమ్మం చుట్టి వస్తున్నాను. తుక్కు లారీ వస్తే హరిబాబు తిప్పి పంపేశాడట. ఎందుకో?

నవంబర్ 16

స్టార్టయింది. మెత్తటి చప్పుడు. ఎవరికి చెప్పను?

నవంబర్ 17

నీలవేణి ఫోన్ చేసింది. ఆయనకేం చెప్పారు అన్నియ్యా అని అడిగింది. పొద్దున్న లేచి గొడౌన్‌లోకి పోయి, ఆ ఇంజన్ లేని కారులో కూచుంటున్నాడట. పిలిస్తే పలకడట. రెండు మెతుకులు కూడా గొంతు దిగడం లేదట. అప్పని నేనే చంపాను, తప్పు బావదన్నాను అని, అదే మాట తిప్పి తిప్పి అంటున్నాడట.

ఇంజన్లు మారిన సంగతి చెప్పాను అన్నాను.

నవంబర్ 18

శైలజ వచ్చి, చూసి, అన్నీ ఒరిజినలేనని రాసింది. పాలసీ కూడా వచ్చేసింది. ఎల్లుండి పదకొండు గంటలకి ఆర్టీవో ఆఫీసులో వింటేజ్ కమిటీ. బండి ఎదురుగా ఉండాలి. ఈ తారీకు తప్పితే మళ్ళీ కొత్త సంవత్సరంలోనే కూచుంటారట. ఆ లోపల పాత ఆర్సీ చచ్చిపోతుంది. అప్పుడిక తుక్కేనని కొండబాబు తృప్తిగా చెప్పాడు. వీడి చేతిలో ఫైలు పెట్టవలసి వచ్చింది.

నవంబర్ 19

హరిబాబుకి కావలసిందే. ఆ మాట నన్నన్నప్పుడు నేనెన్నాళ్ళు తినలేదో వాడొచ్చి చూశాడా? నీలవేణి అప్పుడు ఫోన్ చేసిందా? పదకొండేళ్ళలో పదకొండు రోజులైనా వాణ్ణి పడనీ.

పైన రాసింది కొట్టెయ్యబోయాను. కొట్టెయ్యలేదు. ఉండనీ.

ఆ వానలో పద్మ వెనక సీట్లో పడుకుని ఉండగా, బానెట్ ఎత్తి నిలబడినవాణ్ణి నేను. ఇంజన్ ఎవరిదో అప్పుడు నాకేం తెలుసు? ఇప్పుడు తెలిసి ఏం బాగుపడింది? ఇంతవరకూ ఆ నింద మోసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎంత బరువో నాకు తెలుసు. తెలిసే దించుకున్నాను. దించుకున్నది నేల మీద కాదు.

బట్టలు ఇస్త్రీ చేయించాను. రేపు కమిటీ.

నవంబర్ 20

పొద్దున్నే నీలవేణి ఫోన్. హరి నిన్నటి నుంచి కారు దిగలేదట. కొండబాబు ఫైలుతో పక్కసీట్లో ఎక్కాడు. ఆఫీసు వైపు తిరగాల్సిన చోట వాణ్ణి దింపేశాను. నేను తిరగలేదు. వెనక నుంచి ఏదో అరిచాడు.

గజపతినగరం దాకా బండి ఎక్కడా ఆగలేదు.

గొడౌన్‌లో హరి స్టీరింగ్ పట్టుకుని కూచున్నాడు. తలుపు తీసి పక్కన కూచున్నాను. అద్దంలోంచి ఇద్దరం గోడని చూశాం.

"ఎక్కడికి బావా?" అన్నాడు.

"విశాఖపట్నం, పెద్దాసుపత్రికి. మెల్లగా పోనీ. వెనక మీ అప్ప నిద్దరోతంది."

గేరు మార్చాడు.