నువ్వు తోమిన పాలపళ్ళు

అక్కా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ కొడుక్కి నిన్న కింది పళ్ళు రెండు కనిపించాయి. ఆ సంగతి చెబుదామనే కూర్చున్నాను.

వాడు నీకు తెలియడు. కళ్ళు మూసే ముందు ఒక్క పూట చూశావు... అది చూసినట్టేనా? బొద్దుగా ఉంటాడు. ఆకలైతే ఊరు లేపుతాడు. వాడికి తండ్రి పోలికంటారు అందరూ. నాకు మాత్రం ఏ పోలికా కనిపించదు.

నా సంగతి కూడా చెప్పాలి కదా. పెద్దలు జోగిపేటలో మన ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకున్నారు. ఎవరో సవతి తల్లి వచ్చేకంటే పిల్లలకు చిన్నమ్మే నయమని తేల్చారు. నన్నూ అడిగారులే. సరేనన్నాను. బాజాలు లేకుండా పెళ్ళి చేసి పటాన్‌చెరు పంపారు. ఇన్నాళ్ళూ బావా అని పిలిచిన మనిషిని ఇప్పుడేమని పిలవాలో తెలియక అసలు పిలవడమే మానేశాను. అన్నం పెట్టి గిన్నె చప్పుడు చేస్తే వస్తాడు.

నువ్వు పోయినప్పుడు నేను ఏడవలేదని అమ్మ ఇప్పటికీ అందరితో చెబుతోంది. నాది రాతి గుండె అంటోంది. ఏమో... పని చేసేవాళ్ళు ఒకరైనా ఉండాలి కదా ఇంట్లో?

ఇక నీ కూతురు. సరోజకు నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోంది. నేను వచ్చిన మర్నాడే పొద్దున్నే పెరట్లో నీళ్ళు పారబోసే జాలారి దగ్గర కూర్చోబెట్టి, బొగ్గుపొడి, ఉప్పు కలిపి పళ్ళు తోమబోయాను. నా వేలు కొరికింది. గోరు నల్లబడేలా కొరికింది. వాళ్ళమ్మ వచ్చి తోముతుందట. మీ అమ్మ ఇక రాదని ముఖం మీదే చెప్పేశాను. నా నోటి సంగతి నీకు తెలుసు. "నీ నోట్ల ముల్లుందే పిల్లా, జెర సూసి మాట్లాడు" అనేదానివి. చూసి మాట్లాడేంత తీరిక ఎప్పుడుంది నాకు?

అంతే. ఆ రోజు నుంచి నా చెయ్యి కనబడితే చాలు, పిల్ల పెదాలు బిగించేది.

నువ్వున్నప్పుడు ఎండాకాలం నేను ఇక్కడికి వస్తే, పొద్దున ఇంకా పడుకునే ఉండేదాన్ని. పెరట్లో నువ్వు దీనికి పళ్ళు తోముతుంటే దీని నవ్వు ఇంట్లోకి వినిపించేది. పళ్ళు తోమితే నవ్వే పిల్లను నేనెక్కడా చూడలేదు. ఏం చెప్పి నోరు తెరిపించేదానివక్కా? అప్పుడు అడగాలని తోచలేదు. ఎందుకు తోస్తుంది?

తండ్రికి మాత్రం నోరు తెరిచేది. తెరవదా మరి, ఆయన చేతిలో బెల్లం ఉంటే? కిరాణం కొట్టు మనిషి. జహీరాబాదు వైపు నుంచి వచ్చిన బెల్లం గంపల మధ్యే కూర్చుంటాడు. పిల్ల అమ్మ కావాలన్నప్పుడల్లా ఒక ముక్క కొట్టి పెట్టేవాడు. పడుకునేటప్పుడు ఇంకొకటి. అది బుగ్గన పెట్టుకుని నిద్రపోయేది. నేను గొడవ పెట్టుకున్నాను. నిద్రలో లేచి అమ్మ కావాలని ఏడ్చే పిల్ల చేతిలో ఇంకేం పెట్టమంటావని అడిగాడు. నాకు ఇంకా కోపమొచ్చింది.

వాడకట్టు ఆడవాళ్ళు కూడా నన్నే తప్పుపట్టారు. పాలపళ్ళే కదా, రేపు ఊడి పోయేవే కదా, వాటి కోసం తల్లి లేని పిల్ల మీద ఇంత రభస ఎందుకన్నారు. సగం నాకూ నిజమే అనిపించింది.

చలికాలం వచ్చేసరికి పిల్ల దవడ వాచింది. వెనక పళ్ళు నల్లగా పుచ్చిపోయాయి. బావ బజారుకు వెళ్ళి, పళ్ళ పురుగులు తీసే ఆమెను ఇంటికి తీసుకొచ్చాడు. ఆమె నిప్పుల మీద వాకుడు గింజలు వేసి ఆ పొగ నోట్లోకి పట్టాలంది. నీ కూతురు నోరు తెరిస్తే కదా? అయితే చెవిలోకి పడతానంది. పట్టింది. కింద పెట్టిన నీళ్ళ పళ్ళెంలో తెల్లటి పురుగులు తేలాయి. వాడకట్టంతా వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. బావ ఆమెకు దండం పెట్టాడు. చెవిలో పొగ పెడితే పంట్లో పురుగు ఎట్లా పడుతుందని నేనొక్కదాన్నే అడిగాను. నాకు నమ్మకం లేదన్నారు.

తెల్లారేసరికి వాపు కంటి దాకా ఎక్కింది. ఒళ్ళు కాలిపోతోంది. ఇక ఎవరి మాటా వినకుండా పిల్లను భుజాన వేసుకుని సంగారెడ్డి బస్సెక్కాను. బావ వెనకాలే పరిగెత్తుకొచ్చాడు.

సర్కారు దవాఖానాలో చీటీ ఇంకా ఉర్దూలోనే రాస్తున్నారు. డాక్టరు చూసి, రెండు పళ్ళూ పీకాల్సిందేనన్నాడు. బావ పిల్ల కాళ్ళు పట్టుకున్నాడు, నేను దాని తల పట్టుకున్నాను, ఇంకొకతను నోరు తెరిచి పట్టాడు. అది ఎవరి వైపు చూసిందో చెప్పనా అక్కా? నా వైపే. కళ్ళు తిప్పలేదు.

తర్వాత డాక్టరు మా ఇద్దరినీ కడిగేశాడు. వెనక పాలపళ్ళు పదేళ్ళ దాకా ఉండాలట. కింద నుంచి వచ్చే పళ్ళకు అవి జాగా పట్టి ఉంచుతాయట. మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే తడి గుడ్డతో తుడవాలట, పిల్లలు పెద్దయ్యే దాకా పెద్దవాళ్ళే తోమాలట. రాత్రి పళ్ళు తోమాక తీపి ముట్టనివ్వకూడదట. ఇన్ని సంగతులు మనకు ఎవరు చెప్పారు? నువ్వు మాత్రం ఎవరూ చెప్పకుండానే ఎట్లా చేశావు?

తిరిగొచ్చేటప్పుడు పిల్ల ఏడవలేదు. బస్సు కంది ఊరు దాటాక బావ ఏడ్చాడు, కిటికీ వైపు తిరిగి. ఇంటికి రాగానే కొట్లోకి వెళ్ళి బెల్లం గంపల మీద గోనెలు కప్పాడు. ఆయన మీద కోపం ఆ రోజుతో పోయింది నాకు.

కానీ సరోజ నోరు పూర్తిగా మూతబడింది. గంజి తప్ప ఏదీ తాగదు. ఉప్పు లేదు, వేపపుల్ల లేదు, ఏదీ దగ్గరికి రానివ్వదు. మిగతా పళ్ళ మీద కూడా మచ్చలు మొదలయ్యాయి. నాకు భయం పట్టుకుంది అక్కా. మళ్ళీ ఆ దవాఖానాలో దాని తల పట్టుకోవడం నా వల్ల కాదు.

నిన్న చిన్నోడికి పళ్ళు కనిపించగానే మెత్తటి గుడ్డ తడిపి వేలికి చుట్టుకున్నాను. వాడు కూడా పెదాలు బిగించాడు! నీ పిల్లలందరూ ఒకటే రకమా? నేను గొంతు పెంచాను. వాడు రాగం ఎత్తుకోబోతుంటే సరోజ ఎక్కడి నుంచి వచ్చిందో, నా చెయ్యి పక్కకు నెట్టి, వాడి ముఖంలో ముఖం పెట్టింది.

"నోరు తెరు బిడ్డా... నీ పండ్లు ఎవలో ఎత్కపోయిండ్రట... ఉన్నయా పోయినయా, జెర సూడనియ్యి..."

నీ మాట. నీ సాగదీత. వాడు పకపకా నవ్వాడు. నవ్విన నోట్లో వేలు పెట్టి ఆ రెండు పళ్ళూ మెల్లగా రుద్దేసింది.

ఇదా నువ్వు చెప్పింది? ఇంతేనా?

సాయంత్రం నేను కూడా ఆ మాటే సరోజతో అనబోయాను. మొదటి ముక్క అనగానే లేచి వెళ్ళిపోయింది. అది నీ మాట, నాది కాదు.

ఇవాళ పొద్దున జాలారి దగ్గర కూర్చుని వేపపుల్ల నములుతున్నాను. వచ్చి నా ఎదురుగా నిలబడింది. నా చేతిలో పుల్ల తీసి అవతల పారేసింది. చిటికెడు ఉప్పు వేలికి అద్దుకుంది. నా గడ్డం పట్టుకుని, నా పళ్ళు ఎవరో ఎత్తుకుపోయారట, చూడనివ్వమంది. నన్ను కూడా బిడ్డా అనే పిలిచింది.

నోరు తెరిచాను.

అప్పుడు వచ్చింది అక్కా, ఏడుపు. దాని వేలు నోట్లో ఉంది, నోరు మూయడానికి లేదు. చప్పుడు చేస్తూ, నీళ్ళు కారుతూ, అట్లాగే కూర్చున్నాను. నొప్పిగా ఉందా అని అడిగింది. ఉందని తలూపాను. అయితే మెల్లగా తోముతానంది. తోమింది, ఒక్క పన్ను వదలకుండా.

తర్వాత నా ముందు గొంతుక్కూర్చుంది. కళ్ళు గట్టిగా మూసుకుని నోరు తెరిచింది. వెనక రెండు ఖాళీలు... చిగురు మానింది. మాట్లాడితే ఎక్కడ మూసేస్తుందోనని ఊపిరి కూడా మెల్లగానే తీశాను. అన్నీ తోమాను.

పుక్కిలించి ఊశాక మాత్రం ముఖం చిట్లించింది. ఊరికే తోమితే కుదరదట. రేపటి నుంచి ఆ మాట నేను కూడా అనాలట.

అంటాను అక్కా.

నీ చెల్లెలు